నాందేడు వంటింట్లో పండుగ మిగులు

నాందేడు అనగానే మనవారిలో చాలామందికి రెండు విషయాలు గుర్తుకు వస్తాయి. ఒకటి గోదావరి. రెండవది, సిక్కుల పదవ గురువైన గోవిందసింగుగారు 1708వ సంవత్సరం అక్టోబరు నెలలో దేహం చాలించిన చోట వెలసిన హజూరు సాహెబు గురుద్వారా. ఈ రెండింటిని గురించి వ్రాసినవారు అనేకులు. నేను ఇక్కడ మనవి చేయబోయేది మూడవ విషయం. సంక్రాంతి వెళ్లిపోయి, చుట్టాలు ఎవరి ఊళ్లకు వారు చేరుకున్న తరువాత, నాందేడులోని తెలుగు ఇళ్లలో డబ్బాల అడుగున కాసిని పల్లీలు, గుప్పెడు నువ్వులు, శేరుడు బియ్యప్పిండి, చిప్పెడు ఎండుకొబ్బరి మిగులుతాయి. వాటితో అక్కడి ఇల్లాళ్లు ఏమి చేస్తారన్నదే నా విషయం. ఇది చాలా చిన్న సంగతి. కాని ఆ చిన్న సంగతిలో మనబోటి ప్రవాసుల ఇళ్లకు సంబంధించిన పెద్ద సంగతి ఒకటి ఇమిడి ఉన్నది.

సికిందరాబాదులో బండి ఎక్కితే కామారెడ్డి, నిజామాబాదు దాటిన తరువాత గోదావరి వంతెన వస్తుంది. ఆవలి ఒడ్డున బాసర. జ్ఞానసరస్వతి సన్నిధిలో పిల్లలకు అక్షరాభ్యాసం చేయించే తలిదండ్రులు పలకా బలపమూ పట్టుకుని అక్కడ దిగిపోతారు. బాసర తరువాత ఎంతో దూరం పోకుండానే ధర్మాబాదు. అక్కడినుండి మహారాష్ట్రం. తరువాత ఉమ్రి, ముద్ఖేడు, పిమ్మట నాందేడు. నిజాము ప్రభువుల కాలంలో, 1900 ప్రాంతంలో, హైదరాబాదు నుండి మన్మాడు వరకు ఈ మార్గం వేశారు. దానికి హైదరాబాదు-గోదావరి వ్యాలీ రైల్వే అని పేరు. అప్పుడు చిన్న పట్టాల బండి. ఇప్పుడు పెద్ద పట్టాల బండి. స్టేషను పేరు గూడా ఇప్పుడు హజూర్ సాహెబ్ నాందేడు.

కిటికీ వద్ద కూర్చుని చూస్తూ ఉంటే రాష్ట్రం ఎక్కడ మారిందో కంటికి తెలియదు. అదే నల్లరేగడి, అదే పత్తిచేను, అదే పసుపుమడి. చెవికి మాత్రం కొంత తెలుస్తుంది. ధర్మాబాదులో ఎక్కిన ఆడవారు ఒకరితో ఒకరు తెలుగులో మాట్లాడుకుంటూ, టీ అమ్మే కుర్రవానితో మరాఠీలో బేరమాడి, టిక్కెట్టు కలెక్టరుకు హిందీలో జవాబు చెబుతారు. ఈ మూడు భాషల మార్పిడి వారికి ఊపిరి తీసినంత సహజం. ధర్మాబాదు మిరపకాయల బజారుకు పేరుపడ్డ ఊరు. ఆ మిరపకారం ఇటు నిజామాబాదు వంటింటికీ, అటు నాందేడు వంటింటికీ సమానంగా చుట్టమే.

ఈ సరిహద్దు పాతది కాదు. 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేసినప్పుడు నాందేడు జిల్లా బొంబాయి రాష్ట్రంలో చేరినది. 1960 మే 1వ తేదీన అది మహారాష్ట్రమయినది. జిల్లా మొత్తంగా పోయిందా అంటే అదీ కాదు. దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు, ముధోలు తాలూకాలోని ముధోలు, భైంసా, కుబీరు సర్కిళ్లు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చినవి. అవి 2014 నుండి తెలంగాణలో ఉన్నవి. ఆదిలాబాదు జిల్లాలోని కిన్వటు తాలూకా, ఇస్లాపూరు సర్కిలు అటు పోయినవి. రెవెన్యూ సర్కిళ్లను లెక్కవేసి గీసిన గీత అది. ఏ ప్రాంతంలో ఎక్కువమంది ఏ భాష మాట్లాడతారో దాన్నిబట్టి గీశారు. కాని అత్తవారిల్లు గీతకు ఇవతల, పుట్టినిల్లు గీతకు అవతల పడ్డ ఆడపిల్లలను ఏ లెక్కలో వేస్తారు? వారు ఏటేటా సంక్రాంతికి, బతుకమ్మకు పుట్టింటినుండి తెచ్చుకున్న మూటలే ఈ కథకు మూలం.

నాందేడులో తెలుగువారిని వెతకనక్కరలేదు. దుకాణాల మీద బోర్డులు చదివితే చాలు. చిద్రవార్, మామిడ్వార్, వట్టంవార్ అని పేర్ల చివర ‘వార్’ కనిపిస్తుంది. ఇది మరాఠీ ‘కర్’ వంటిది కాదు. మన ఇంటిపేరు చివర గౌరవంగా పలికే ‘వారు’ అనే మాటే మరాఠీ నోటిలో పడి, కొన ఉకారం రాలి, ‘వార్’ అయినది. మామిడివారు మామిడ్వార్ అయినారు. వైశ్యులు వ్యాపారాలకు, పద్మశాలీలు మగ్గాలకు, ఇతరులు సేద్యానికీ ఉద్యోగాలకూ ఇక్కడ తరతరాలుగా స్థిరపడినారు. నిజాము కాలంలో వెలసిన ఉస్మాన్‌షాహీ బట్టల మిల్లు పొగగొట్టం ఒకనాడు నాందేడుకు గురుతు. మిల్లు మూతపడినది, కాని మనుషులు ఉన్నారు. పిల్లల చదువు మరాఠీలో, ఇంగ్లీషులో. ఇంట్లో మాట తెలుగు. చదవడం రాదు, వ్రాయడం రాదు, మాట మాత్రం ఉన్నది. మన మాసపత్రిక ఇంటికి వస్తే తాతగారు పైకి చదువుతూ ఉండగా మనుమలు వినవలసిన ఇళ్లు ఎన్నో ఉన్నవి. ఈ వ్యాసం గూడా అలాంటి ఇళ్లలో పైకి చదివితే బాగుండునని నా కోరిక.

ఇక సంక్రాంతి. నాందేడు తెలుగింట ఈ పండుగ రెండు చేతులతో జరుగుతుంది. ఒక చెయ్యి మరాఠ్వాడది. భోగినాడు నువ్వులద్దిన సజ్జరొట్టె, పచ్చి సెనగలు, చిక్కుడు, వంకాయ, గాజర, నువ్వుల పొడి, పల్లీల పొడి వేసి వండిన కలగూర. మరునాడు తిళ్‌గుళ్ పంచుతూ, నువ్వూబెల్లమూ తిని తియ్యగా మాట్లాడమని మరాఠీలో చెప్పడం. ఆపైన రథసప్తమి వరకు పేరంటాలు. ఈ పసుపు కుంకుమల పిలుపులు ఎప్పుడు ఎవరింట పడతాయో తెలియదు గనుక నువ్వులు, బెల్లం, కొబ్బరి కాస్త ఎక్కువగానే తెచ్చి ఉంచుకుంటారు. రెండవ చెయ్యి మనది. అదే సకినాలు. బియ్యం రాత్రి నానబెట్టి, తెల్లవారి వడవేసి, తడిగా ఉండగానే దంచి జల్లించిన పిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి, తెల్లని గుడ్డ మీద చుట్లు చుట్టి, ఆరనిచ్చి, నూనెలో వేస్తారు. ఇరుగుపొరుగు అమ్మలక్కలు నలుగురైదుగురు కలిస్తేనే సకినాలు సాగుతాయి. ఆ నలుగురూ లేచిపోయే వేళకు గిన్నెలో ఎప్పుడూ రెండు గుప్పిళ్ల పిండి మిగులుతుంది. వేళ్లు నొప్పి పుట్టి ఇక చుట్టలేమని వదిలిన పిండి అది.

ఈ మిగులును పారవేయడం మన ఇళ్లలో లేదు. తడిపిండి నిలవ ఉండదు. మరునాటికే పులుపు తిరుగుతుంది. అందుచేత ఆ సాయంత్రమే దానికి ఒక దారి చూపవలెను. ఆ దారి పేరు సర్వపిండి. కొందరు సర్వప్ప అంటారు, కొందరు గిన్నప్ప అంటారు, ఇంకొన్ని చోట్ల తపాలచెక్క అని వ్యవహారం. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానిన సెనగపప్పు, ఉల్లికాడలు, కారం కలిపి, లోతుగల పాత్ర లోపలివైపు అంతా పలుచగా అదిమి, మూతపెట్టి సన్నని సెగమీద కాల్చే వంట ఇది. అడుగు కరకర, పైభాగం మెత్తన.

గడచిన సంక్రాంతికి నేను నాందేడులో మా దూరపు చుట్టరికపు అత్తమ్మగారింట దిగినాను. ఆమెకు డెబ్బైయవ పడి నడుస్తున్నది. పుట్టినిల్లు భైంసా వైపు. పెళ్లయి వచ్చేనాటికి ఆమెకు మరాఠీలో నీళ్లు అడగడం గూడా తెలియదట. ఇప్పుడు ఇత్వారా బజారులో కూరలవాళ్లను మరాఠీలోనే అదిలిస్తుంది. పండుగ వెళ్లిన మూడవనాడు మధ్యాహ్నం, గోడకున్న అలమరలోనుండి డబ్బాలు ఒక్కొక్కటే దించి, మూతలు తీసి, వాసన చూచి, చాపమీద వరుసగా పెట్టింది. వేయించి పొట్టు తీసిన పల్లీలు ఒకదానిలో, తెల్ల నువ్వులు ఒకదానిలో, సగం చిప్ప ఎండుకొబ్బరి ఒకదానిలో ఉన్నవి. పేరంటానికి తెచ్చిన జీడిపప్పు పలుకులు కాగితం పొట్లంలో ఉన్నవి. సకినాలనాడే నీడలో ఆరబెట్టి ఎత్తిన పిండి ఒక డబ్బాలో ఉన్నది.

“జీడిపప్పు గూడా వేస్తారా అత్తమ్మా?” అని అడిగినాను.

“మా అమ్మ ఎన్నడు వెయ్యలె బిడ్డా. మా అమ్మ ఇంట్ల ఉంటే గదా వెయ్యనీకి! ఉన్నదాన్ని వేసుడే సర్వపిండి. లేనిదాన్ని కొనుక్కొచ్చి వేస్తే గది వేరే వంట” అన్నది.

నాకు ఆ మాట బాగా నచ్చినది. ఈ వంటకు శాస్త్రమంతా ఆ మాటలో ఉన్నది.

ఇంతలో బడినుండి మనుమరాలు వచ్చింది. చెప్పులు విప్పుతూనే, “ఆజీ, ధపాటె చేస్తున్నవా?” అన్నది. నాయనమ్మను ఆజీ అనడం అక్కడి పిల్లలందరికీ అలవాటు.

అత్తమ్మ పిండి కలిపే చెయ్యి ఆపింది. “ధపాటె కాదే, సర్వపిండి. ధపాటెను తడిగుడ్డ మీద తట్టి, పెనం మీద వేసి, తిప్పి కాలుస్తరు. దీన్ని తిప్పరు. ఒక్కదిక్కే కాలుతది. అన్నిటినీ ధపాటె అంటే ఎట్లనే?” అని, పిల్లను దగ్గరకు పిలిచి, చేయి కడుక్కు రమ్మన్నది.

ధపాటె అంటే మరాఠ్వాడ రొట్టె. జొన్నపిండి, సెనగపిండి, గోధుమపిండి కలిపి, పసుపు, కారం, వాము వేసి, తట్టి కాల్చి, పెరుగుతోనో పల్లీల పొడితోనో తింటారు. ప్రయాణానికి మూట కట్టుకోవడానికి దానిని మించినది లేదు. మహారాష్ట్రంలో ఇతర చోట్ల వేయించిన ధాన్యాలు, పప్పులు కలిపి విసిరిన పిండితో చేసే థాలిపీఠు గూడా దీనికి బంధువే. ఈ రొట్టెలను తక్కువ చేయడం నా అభిప్రాయం కాదు. రుచికి అవీ గొప్పవే. కాని అవి వేరు, ఇది వేరు. తేడా పిండిలో కంటె పాత్రలో ఉన్నది.

తెలంగాణపు పల్లెల్లో ‘సర్వ’ అంటే వంటపాత్ర. ఆ పాత్రలో కాల్చిన పిండి గనుక సర్వపిండి. అన్నీ వేస్తారు గనుక సర్వపిండి అని ఈనాడు కొందరు అర్థం చెబుతున్నారు. అది గూడా వినడానికి బాగానే ఉన్నది. కాని గిన్నప్ప, తపాలచెక్క అనే తక్కిన పేర్లు గూడా పాత్రపేర్లే కావడం చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. గిన్నెలో చేస్తే గిన్నప్ప, తపాలాలో చేస్తే తపాలచెక్క. పాత్ర పోతే పేరు పోతుంది. ఇదే నేను నాందేడులో గమనించిన విషయం. కళాయి వేసేవాడు వీధిలోకి రావడం మానగానే ఇత్తడి సర్వలు అటకెక్కినవి. వాటి స్థానంలో చదునైన పెనం వచ్చింది. చదునైన పెనం మీద అదిమిన పిండిని తిప్పడం సులువు. తిప్పి రెండువైపులా కాలిస్తే అది ధపాటెకు చెల్లెలవుతుంది. అప్పుడు పిల్ల దానిని ధపాటె అనడంలో తప్పేమున్నది? చూచినదాన్నే ఆ పిల్ల చెప్పినది. మాట నాలుక మీదనుండి జారిపోవడానికి ముందే వస్తువు పొయ్యిమీదనుండి దిగిపోతున్నది.

అత్తమ్మగారింట ఇత్తడి సర్వ లేదు. దళసరి అల్యూమినియం గిన్నె ఉన్నది. అదీ చాలును. అడుగు గుండ్రంగా, అంచులు పైకి లేచి ఉండడమే ముఖ్యం. ఆనాడు ఆమె చేసిన కొలతలను నేను గాజు టీ గ్లాసుతో కొలిచి వ్రాసుకున్నాను. మన సోదరీమణులకు ఉపయోగపడునని ఇక్కడ ఇస్తున్నాను.

బియ్యప్పిండి నాలుగు గ్లాసులు. వేయించి కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు ఒక గ్లాసు. నువ్వులు పావు గ్లాసు. గంటసేపు నానిన సెనగపప్పు అర గ్లాసు. ఎండుకొబ్బరి కోరు, జీడిపప్పు పలుకులు ఉన్నంత. లేకపోయినా లోటు లేదు. సన్నగా తరిగిన ఉల్లికాడలు ఒక పిడికెడు, కరివేపాకు, కొత్తిమీర, జీలకర్ర ఒక చెంచా, కారం రుచికి తగినంత. పిండి సకినాలకు కలిపినదైతే అందులో నువ్వులు, వాము, ఉప్పు ముందే ఉంటాయి గనుక కొత్తగా వేసే ఉప్పు సగం తగ్గించవలెను. ఇవన్నీ పొడిగా ఉన్నప్పుడే చేత్తో బాగా కలిపి, పిమ్మట గోరువెచ్చని నీరు కొద్దికొద్దిగా పోస్తూ, రొట్టెపిండికంటె కొంచెం మెత్తగా ముద్ద చేయవలెను. నీళ్లు ఒక్కసారి పోస్తే పల్లీలు ఒకచోట, పిండి ఒకచోట ఉండిపోతాయి.

గిన్నె చల్లగా ఉన్నప్పుడే లోపలంతా నూనె రాసి, నారింజకాయంత ముద్ద అడుగున పెట్టి, తడిచేతితో మధ్యనుండి అంచులకు అదుముతూ పోవలెను. పావు అంగుళం మందం చాలు. తరువాత వేలితో అక్కడక్కడ బెజ్జాలు పొడిచి, ఒక్కొక్క బెజ్జంలో రెండేసి చుక్కల నూనె వేసి, మూతపెట్టి, సన్నని సెగమీద పది పన్నెండు నిమిషాలు ఉంచవలెను. మధ్యలో గిన్నెను అటూ ఇటూ వంచి తిప్పుతూ ఉంటే అంచులు గూడా ఎర్రబడతాయి. అంచు గిన్నెను వదలిపెడితే అయినట్లే. తీసిన తరువాత గిన్నె వెనుకవైపు నీళ్లు చల్లి చల్లార్చి, మళ్లీ రెండవది అదమవలెను. వేడి గిన్నెలో అదమబోతే చెయ్యి కాలుతుంది, పిండీ అంటుకోదు. అందుచేతనే ఒకే గిన్నె ఉన్న ఇంట్లో సర్వపిండి నిదానమైన వంట. రెండు గిన్నెలుంటే ఒకటి కాలుతూ ఉండగా రెండవది చల్లారుతుంది.

ఆనాడు బెజ్జాలు పొడిచే పని మనుమరాలిది. చిన్నవేలు గనుక బెజ్జాలు చిన్నవిగా పడ్డవి. వరుస తప్పినవి గూడా. అత్తమ్మ వాటిని సరిచేయలేదు.

ఈ వంటలో మన సొంతమెంత అని ఎవరైనా అడిగితే చెప్పవలసిన ముచ్చట ఒకటి ఉన్నది. నువ్వులు ఈ నేలమీద వేల సంవత్సరాలుగా ఉన్నవి. కాని పల్లీ దక్షిణ అమెరికా పంట. మిరప గూడా అమెరికా ఖండంనుండే వచ్చినది. పోర్చుగీసు ఓడలు మన రేవులకు రావడం మొదలైన తరువాతనే అవి మనకు పరిచయమైనవి. ఒకే కాయకు మనలో మనమే ఒకచోట వేరుశనగ అని, ఒకచోట పల్లీ అని, ఒకచోట శనక్కాయ అని పేర్లు పెట్టుకున్నాం. నాందేడులో బజారుకు పోతే శేంగదాణె అంటారు. నాలుగు పేర్లలో ఏ పేరుతో పిలిచినా అది మన ఇంటిదే అయినది. పరాయి వస్తువు ఇంట్లోకి రావడంవల్ల మన వంట మన వంట కాకుండా పోలేదు. జీడిపప్పు చేరినందుకూ పోదు. వండే తీరును, పిలిచే పేరును వదిలినప్పుడే పోతుంది.

సముద్రాలకు ఆవల ఉన్న మన పిల్లలకు ఇది ఇంకొక విధంగా ఎదురవుతున్నది. ఇంగ్లండులో శాకాహారుల సంఘం 1847లోనే ఏర్పడినది. క్రిస్మసు పండుగనాడు తక్కినవారు టర్కీ కోడిని కాల్చుకుంటూ ఉంటే, శాకాహారులు దానికి బదులుగా గింజపప్పులను దంచి, రొట్టెపొడి, ఉల్లిపాయలు, కూరలు కలిపి, తొట్టిలో అదిమి, ఓవెనులో కాల్చి, ముక్కలు కోసి తింటారు. దాని పేరు నట్ రోస్టు. పండుగ మరునాడు మిగిలిన పప్పులతో, ఎండిన రొట్టెతో చేయడానికి గూడా అనువైన వంట. మన సర్వపిండికి అది దూరపు అక్క. అక్కడా మిగులే, ఇక్కడా మిగులే. అక్కడా అదమడమే, ఇక్కడా అదమడమే.

ఓవెను ఉన్న ఇళ్లవారు మన డబ్బాలలోని సరుకుతోనే దానిని చేయవచ్చును. వేయించి దంచిన పల్లీలు ఒక గ్లాసు, జీడిపప్పు అర గ్లాసు, నువ్వులు పావు గ్లాసు, మెత్తగా ఉడికి నీరు లేకుండా వార్చిన సెనగపప్పు ఒక గ్లాసు, ఎండిన రొట్టెపొడి ఒక గ్లాసు. బ్రెడ్డు లేకపోతే నిన్నటి జొన్నరొట్టెను నలిపి వేసినా చక్కగా ఉంటుంది. నూనెలో మగ్గబెట్టిన ఉల్లిపాయ ఒకటి, తురిమిన గాజర ఒకటి, అల్లం, కారం, ఉప్పు, కొత్తిమీర వేయవలెను. ఇంగ్లీషువారు కొందరు గుడ్డు వేస్తారు. మనకు రెండు చెంచాల సెనగపిండి కాసిని నీళ్లలో కలిపి పోస్తే చాలును. నూనె రాసిన తొట్టిలో గట్టిగా అదిమి, 180 డిగ్రీల వేడిలో నలభై, నలభైయైదు నిమిషాలు కాల్చి, పావుగంట ఆరనిచ్చి కోయవలెను. వేడిమీద కోస్తే పొడిపొడి అవుతుంది. ఓవెను లేనివారు ఇడ్లీ పాత్రలో అరగంట ఆవిరి పట్టి, చల్లారిన తరువాత బిళ్లలుగా కోసి, పెనం మీద నూనెచుక్కతో ఎర్రగా కాల్చవచ్చును. మహారాష్ట్రపు కొత్తిమీర వడిని ఇదే విధంగా చేస్తారు గనుక నాందేడు ఇల్లాళ్లకు ఇది కొత్త కాదు. నంజుకోవడానికి కొత్త చింతకాయ పచ్చడి, లేదా గట్టి పెరుగు.

మిగులు అనగానే ఏదైనా వాడవచ్చునని అనుకోరాదు. పొదుపుకు ఒక హద్దు ఉన్నది. పల్లీలలో ఇంచుమించు సగం నూనె. నూరు గ్రాములలో పాతిక గ్రాముల వరకు మాంసకృత్తులు. బలమైన ఆహారమే. కాని ఆ నూనెవల్లనే అవి త్వరగా చిక్కువాసన పడతాయి. మరాఠ్వాడ ఎండలకు మార్చి దాటితే మరీ త్వరగా పాడవుతాయి. అంతకంటె ముఖ్యం బూజు సంగతి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు కారణం తెలియకుండా చనిపోయినవి. విచారించగా, వాటికి పెట్టిన దాణాలో బ్రెజిలు నుండి వచ్చిన వేరుశనగ పిండి ఉన్నదని, దానికి పట్టిన బూజులో విషం పుట్టిందని తేలినది. దానికే తరువాత అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టినారు. వేయించినంత మాత్రాన ఆ విషం పూర్తిగా పోదు. కాబట్టి ముడుతపడినవి, నల్లబడినవి, చేదైనవి, బూజు పట్టినవి అయిన పల్లీలను చేతితో ఏరి పారవేయవలసినదే. అత్తమ్మ ప్రతి డబ్బానూ వాసన చూచి మరీ దించినదని పైన వ్రాసినాను. ఒక పొట్లంలోని పల్లీలు నాలుగు నోట వేసుకుని, ఉమ్మి, పొట్లం మొత్తం చెత్తబుట్టలో వేసింది. “దీనికి పైసలు పొయినయి, పానం పోవద్దు” అన్నది. పారవేయడం తెలిసినవారే మిగులును వండగలరు.

మరునాడు పొద్దున గోదావరి ఒడ్డుకు పోయినాను. నాందేడు గోదావరికి ఉత్తరపు ఒడ్డున ఉన్నది. ఈ నీరే ఇక్కడినుండి దిగి ధర్మాబాదు వైపు పోయి బాసరలో మన పిల్లలు అక్షరాలు దిద్దే గుడి పక్కగా సాగుతుంది. అక్కడినుండి గురుద్వారాకు పోయినాను. ఇప్పుడున్న కట్టడాన్ని పంజాబు మహారాజు రంజిత్‌సింగు 1832-1837 సంవత్సరాల మధ్య కట్టించినాడు. లంగరులో వరుసగా కూర్చున్నవారికి రొట్టె, పప్పు వడ్డిస్తున్నారు. పంజాబునుండి ఇంత దూరం వచ్చి మూడువందల యేండ్లు దాటినా వారి రొట్టె వారి రొట్టెగానే ఉన్నది. దానిని తినేవారిలో మాత్రం మరాఠీవారు, తెలుగువారు, కన్నడంవారు అందరూ ఉన్నారు. తమ వంటను తమదిగా ఉంచుకుంటూనే పదిమందికి పెట్టవచ్చునని అక్కడ కూర్చుంటే తెలుస్తుంది.

మన సంఘంలోని ఇళ్లకు నా మనవి ఇంతే. పుస్తకం చదవలేని పిల్లలకు గూడా చేతితో నేర్పగలిగిన తెలుగు కొంత ఉన్నది. అదమడం, పొడవడం, చల్లార్చడం, సర్వ, గిన్నె, బెజ్జం, చుక్క వంటి మాటలు ఒక మధ్యాహ్నపు పనిలో పది సార్లు వినిపిస్తాయి. పని చేస్తూ విన్న మాట మరచిపోవడం కష్టం. పక్కింటివారికి పంపేటప్పుడు గూడా దానిని ధపాటె అని చెప్పి పంపకుండా, సర్వపిండి అని చెప్పే పంపండి. వారి ధపాటెను మనం ధపాటె అనే పిలుస్తున్నాం గదా!

రథసప్తమికి ఇంకా కొద్ది రోజులు ఉండగానే డబ్బాలు దించి చూచుకోండి. అటకమీది సర్వను గూడా దించండి. ఇత్తడిదైతే కళాయి వేసే మనిషిని వెతకవలసి ఉంటుంది. దొరకకపోతే దళసరి గిన్నె చాలును. చదును పెనం మాత్రం ఆ పూటకు గోడకే ఉండనివ్వండి.